నలుపు

శుక్రవారం పగటిపూట, మనామాల
బంగారం బజారు వెనక సందుల
షట్టరు సగం దించి అన్నం డబ్బా ఇప్పుతుంటే
ఒక ముసలాయన వంగి లోపలికొచ్చిండు.
తెల్లంగి. ఇస్త్రీ మడత నలగలేదు.
చేతిల మఖ్మల్ సంచి,
సంచిల రెండు నల్ల డబ్బీలు,
వాటికి బారెడు బారెడు తోలు పట్టీలు.

పేరు హెస్కెల్. యూదులాయన.
బట్టల వ్యాపారం చేసిన తాత నుంచి
ఇంట్ల ఇంక కొంచెం బొంబాయి హిందీ మిగిలిందట.
పట్టీల నలుపు ఎలిసిపోయింది,
మడతల కాడ పచ్చి తోలు పల్లికిలిస్తుంది.
అర్ధగంట పని, ఇటియ్యి సాబ్, అని చెయ్యి చాపిన.
ఆయన సంచి ఎనక్కి గుంజుకున్నడు.

ఆ గుంజుకునుడు నాకెరుకే.
జగిత్యాల బస్టాండు కాడ
చూరుకు ఏలాడే వేరే గిలాస,
చెప్పులు కుట్టించుకొని
మీదికెల్లి ఇడిచే చిల్లర,
దోసిట్లకు ఎత్తి పోసే నీళ్ళు.
సముద్రం దాటినా ఒంటికి యాదుంటది.
వేరే దుకాణం చూసుకో, అన్న. అన్నం దిక్కు తిరిగిన.

ఆయన పోలేదు.
స్టూలు వద్దని, తోలు ముక్కల నడుమ
కిందనే కూసున్నడు, మోకాళ్ళు పట్కున్.
“నీ చేతికి మైలని కాదు బేటా.
ఈ నలుపు మావోళ్ళే పుయ్యాలె.
ఎవరి కోసం పూస్తున్ననో నోరు తెరిచి చెప్పి పుయ్యాలె.
పూసెటాయన ఉండె, మొన్న చలికాలం పోయిండు.
నాకు రాదు. నువ్వు నేర్పు.”

నేర్పు.
నలభై నాలుగేండ్ల నా బతుకుల
ఈ మాట నన్నెవ్వరడిగిండ్రు?

రంగు దేంతోటి చేస్తవన్నడు.
కరక్కాయ, ఇనుప చిలుము, తుమ్మబంక.
మా నాయిన పాళ్ళు. కొవ్వు కలపం.
డబ్బా మూత తీసి వాసన చూసిండు, తలూపిండు.
గుడ్డ ఎట్ల చుట్టాల్నో చూపిన,
ఒక్కదిక్కే పొయ్యాలె, తిరిగి రావద్దన్న.
కొస నన్ను పట్టుకొమ్మన్నడు.
పట్టుకున్న.
పెదవులల్ల ఏదో చదివిండు, పూసిండు.
వణికే చెయ్యి గీతకు అవతల పడ్డప్పుడల్లా
పిలగాని లెక్క నా మొహం చూసిండు.

పంకా కింద ఆరేసినంక అడిగిన, లోపలేముందని.
తోలు మీద చేతితో రాసిన మాటలట.
దేవుడొక్కడే అనేది ఒకటి.
గుండె నిండ ఆయన్ని ప్రేమించుమనేది ఒకటి.
బానిసలుగుంటే చెయ్యి పట్టి ఇడిపించుకొచ్చిండని.
అక్షరం తోలు మీద, దాని మీద తోలు,
కుట్టింది నరంతోటి.
మా లంద దిక్కు గాలి మళ్ళితే
ముక్కు మూసుకొని పోయిన ఊరు యాదికొచ్చింది.
ఈయన దాన్ని నొసటికెత్తుకుంటడు!

వట్టి చేతి మీద వేలితో గీసి చూపిండు:
ఎడమ జబ్బ మీద డబ్బీ, గుండె దిక్కు ఒరిగి,
ముంజేతికి ఏడు చుట్లు.
తలకు కట్టేదాక నడుమ మాట్లాడరాదు.
ఆఖరికి నడిమేలుకు మూడు,
అప్పుడు దేవుడంటడట: నిన్ను నాకు వరించుకుంటున్న.
ఏడడుగులు, మూడు ముళ్ళు, అన్న నేను.
ఆయన కండ్లద్దాలు తీసి తుడుసుకుంట నవ్విండు.

బలమున్న కుడి చేతికెందుకు కట్టరు సాబ్?
“అది కట్టాలె గద” అన్నడు.

నా పాస్‌పోర్టు కఫీల్ సొరుగుల ఉంది, మూడేండ్లాయె.
దాన్ని గూడ కట్టే అంటం మా భాషల.
రెండింటికి ఒక్క మాటే ఎట్ల సరిపోతుందో
నాకు ఇంతవరకు తెల్వలేదు.

పొద్దు వాలుతుంటే లేచిండు.
రేపు శనివారం, రేపు కట్టడట,
ఆ రోజే ఒక గుర్తట.
పైసలిచ్చిండు, చేతుల పెట్టి ఇచ్చిండు.
నా సీసాల నీళ్ళు అడిగి తాగిండు.

ఆదివారం, ఎండ ముదరకముందు, సందు మొగల ఆగిండు,
ఏమనలేదు, అంగీ చేయి పైకి మలిచిండు.
ముంజేతి మీద ఏడు అచ్చులు, ఇంక పోలేదు.
వేళ్ళ సందులల్ల, గోళ్ళ కింద
కరక్కాయ నలుపు.

అది నాలుగు రోజులు పోదు సాబ్, అన్న.
నిమ్మకాయ రుద్దితే పోతదని చెప్పబోయి
చెప్పలేదు.